ఎస్‌జీపీటీ తగ్గిందంటే లివర్ బాగుపడినట్టేనా?

ప్రశ్న: మాది పలాస. మావారి వయసు 47, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఎనిమిదేళ్లుగా సుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. వారానికి రెండు మూడుసార్లు క్వార్టర్ తాగుతారు. రెండేళ్ల కిందట ఎస్‌జీపీటీ 81, ఎస్‌జీవోటీ 58, ప్లేట్‌లెట్లు 2.35 లక్షలు వచ్చాయి. ఫ్యాటీ లివర్ అని చెప్పి అర్సో మాత్ర రాశారు. నిరుడు ఇవే 66, 60, 1.90 లక్షలు. ఈ నెల 49, 61, 1.46 లక్షలు. జీజీటీ 98, ఆల్బుమిన్ 3.6, బిలిరుబిన్ 1.1. ఎస్‌జీపీటీ అంత తగ్గిందని సంతోషించేలోపే స్కానింగులో లివర్ గరుకుగా ఉంది, ఫైబ్రోసిస్ అనుమానం అని రాశారు. లివర్ పాడవుతుంటే ఎంజైములు పెరగాలి గాని తగ్గడమేమిటి? రిపోర్టు వేరేవాళ్లది వచ్చిందా? నెల కిందట నాలుగు రోజులు జ్వరం వచ్చింది, అది కారణమా? అర్సో మానేయొచ్చా? మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుంటున్నారు, పరవాలేదా?
– ఒక సోదరి, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

అమ్మా, మూడు రిపోర్టుల అంకెలూ వరసగా రాసి మంచి పని చేశారు. ఈ నెల కాగితం ఒక్కటే పంపి ఉంటే మేం కూడా ఇంత గట్టిగా చెప్పలేకపోయేవాళ్లం. రిపోర్టు తారుమారైనట్టు లేదు. ఎస్‌జీపీటీ తగ్గడం, లివర్ మచ్చ కట్టి గట్టిపడటం (దీన్నే ఫైబ్రోసిస్ అంటారు) రెండూ ఒకే మనిషిలో ఒకేసారి జరగొచ్చు. మీవారి అంకెల నడక ఆ తీరుగానే ఉంది. అలాగని దాని చివరి దశ సిరోసిస్ వచ్చేసిందని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి. తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి.

జీడిపిక్కల బస్తాలు మీకు కొత్త కాదు కాబట్టి ఆ లెక్కనే చెబుతాం. లివర్ బస్తా, దానిలోని ఎంజైములు పిక్కలు అనుకోండి. బస్తాకి చిల్లు పడితే గోదాము నేల మీద పిక్కలు కనిపిస్తాయి. రక్తపరీక్ష లెక్కపెట్టేది ఆ నేల మీది పిక్కల్నే, బస్తా లోపల ఎన్ని ఉన్నాయో దానికి తెలీదు. రేపు నేల మీద పిక్కలు తగ్గాయనుకోండి. చిల్లు కుట్టేసి ఉండొచ్చు, లేదా బస్తాలో సరుకే తగ్గిపోయి ఉండొచ్చు. నేలను ఎంత తేరిపార చూసినా ఈ రెంటిలో ఏది నిజమో తేలదు. బస్తాని ఎత్తి చూడాల్సిందే. ఎస్‌జీపీటీ ఒక్కదాన్నీ పట్టుకుని లివర్ బాగోగులు తేల్చడం నేలను చూసి బస్తా తూకం చెప్పడం లాంటిది.

ఇప్పుడు ఆ ఎంజైముల దగ్గరికి వద్దాం. ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అని, ఎస్‌జీవోటీని ఏఎస్‌టీ అని కూడా రాస్తారు, రెండు పేర్లూ ఒకటే. రెండూ లివర్ కణం లోపల ఉండి పనిచేయాల్సినవే. ఒక అమైనో ఆమ్లం నుంచి అమైనో భాగాన్ని తీసి ఇంకో అణువుకి తగిలించడం వాటి పని. ఎస్‌జీపీటీ ఎక్కువగా కణంలోని పలచటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. లివర్‌లోని ఎస్‌జీవోటీలో మాత్రం సుమారు 80 శాతం మైటోకాండ్రియాల లోపల, అంటే కణానికి శక్తినిచ్చే చిన్న గదుల్లో, దాగి ఉంటుంది. కొవ్వు పేరుకుని కణం పైపొర కాస్త కారడం మొదలైతే ముందుగా బయటపడేది పైపైన తేలే ఎస్‌జీపీటీ. పైగా అది రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. సగానికి తగ్గడానికి దానికి సుమారు 47 గంటలు పడితే, ఎస్‌జీవోటీకి 17 గంటలే. ఫ్యాటీ లివర్ తొలినాళ్లలో ఎస్‌జీపీటీ పెద్దదిగా, ఎస్‌జీవోటీ చిన్నదిగా కనబడేది ఇందుకే. రెండేళ్ల కిందటి 81, 58 అచ్చంగా ఆ బొమ్మే.

మచ్చ పెరిగేకొద్దీ ఈ బొమ్మ తలకిందులవుతుంది. లివర్ కణాలు చచ్చినచోట పీచు పరుచుకుంటుంది, ఎస్‌జీపీటీని తయారుచేసే కణాలే తగ్గుతాయి, కాబట్టి కారేదీ తగ్గుతుంది. బతికున్న కణాల్లో మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి, దాంతో లోపల దాగిన ఎస్‌జీవోటీ బయటికి రావడం మొదలవుతుంది. ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు: రక్తంలోకి వచ్చిన ఎస్‌జీవోటీని ఏరి పారేసేది లివర్‌లోని సన్నటి రక్తనాళాల గోడ కణాలు. ఫైబ్రోసిస్‌లో ఆ గోడలకుండే జల్లెడ చిల్లులు పూడుకుపోయి, వెనక పీచు పేరుకుని, ఏరివేత మందగిస్తుంది. వచ్చిన ఎస్‌జీవోటీ వచ్చినట్టే రక్తంలో నిలుస్తుంది. ఒకటి దిగి, ఒకటి నిలిచి, చివరికి ఎస్‌జీవోటీయే పెద్దదవుతుంది.

ఈ రెంటి నిష్పత్తికి డి రిటిస్ నిష్పత్తి అని పేరు. ఇటలీ వైద్యుడు ఫెర్నాండో డి రిటిస్ 1957లో దీన్ని గుర్తించారు. మీవారి ఎస్‌జీవోటీని ఎస్‌జీపీటీతో భాగిస్తే రెండేళ్ల కిందట 0.72, నిరుడు 0.91, ఇప్పుడు 1.24. ఒకటి దాటడమే ఇక్కడ గమనించాల్సింది. రెండు దాటితే మొదట మద్యాన్ని అనుమానిస్తారు.

మద్యానికీ ఎస్‌జీపీటీకీ ఇంకో దొడ్డిదారి సంబంధం ఉంది. అది తెలియాలంటే ల్యాబులో ఈ పరీక్ష ఎలా చేస్తారో కాస్త చూడాలి. అలనీన్, ఆల్ఫా కీటోగ్లుటరేట్ కలిపిన ద్రావణంలో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, వేస్తారు. అందులో ఉన్న ఎస్‌జీపీటీ పైరువేట్ తయారుచేస్తుంది. ద్రావణంలోనే ఉన్న ఎల్‌డీహెచ్ అనే ఇంకో ఎంజైము ఆ పైరువేట్‌ని లాక్టేట్‌గా మారుస్తూ ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థాన్ని ఖర్చు చేస్తుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీలుస్తుంది. అది ఎంత వేగంగా తరిగిపోతే ఎస్‌జీపీటీ అంత ఎక్కువన్నమాట. అంటే యంత్రం కొలిచేది ఎంజైము బరువు కాదు, అది చేసే పని. ఆ పని జరగాలంటే విటమిన్ బీ6 నుంచి వచ్చే పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ తోడుండాలి. తాగేవాళ్లలో, సరిగా తిననివాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో బీ6 తక్కువ. ఎంజైము ఉన్నా పనిచేయదు, అంకె తక్కువ చూపిస్తుంది. కొన్ని ల్యాబుల ద్రావణంలో పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ కలిపి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఒకే రక్తానికి రెండు ల్యాబుల్లో రెండు అంకెలు రావడానికి ఇదీ ఒక కారణం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగినవాళ్లలో, డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఎస్‌జీపీటీ మామూలుగానే తక్కువ ఉంటుంది. వాళ్లకు 35 వచ్చినా నార్మల్ అని కొట్టేయకూడదు.

అసలు 49 అన్నదీ నార్మల్ కాదు. కాగితం మీద 40 వరకూ అని అచ్చేస్తున్నా, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి 30 చుట్టుపక్కల, ఆడవాళ్లకి 25 లోపు ఉండాలన్నది లివర్ నిపుణుల మాట. కాబట్టి బస్తాకి చిల్లు ఇంకా ఉంది.

జీజీటీ 98 సంగతి. ఇది లివర్ కణాల పొర మీద, పైత్యనాళాల గోడల మీద ఉండే ఎంజైము. మద్యం దీన్ని పెంచుతుంది. ఒట్టి ఫ్యాటీ లివర్ కూడా పెంచుతుంది, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటి మందులూ పెంచుతాయి. తాగుడు మానేస్తే రెండు మూడు వారాల్లో దాదాపు సగానికి దిగుతుంది. మానేశానని చెప్పిన ఆరు వారాలకి కూడా జీజీటీ 98 దగ్గరే నిలబడి ఉంటే కారణం వెతకాలి, ఆ వెతుకులాట మీవారిని అడగడంతో మొదలుపెట్టొచ్చు.

ఇక మచ్చ కట్టే చోట ఏం జరుగుతోందో చూద్దాం. అక్కడా ఎంజైముల ఆటే, కానీ అవి మామూలు రిపోర్టులో రావు. లివర్ కణాలకీ రక్తనాళం గోడకీ మధ్యనున్న సన్నటి సందులో స్టెల్లేట్ కణాలుంటాయి. మామూలు రోజుల్లో విటమిన్ ఏ దాచుకుని కూర్చుంటాయి. పక్క కణాలు అదేపనిగా దెబ్బతింటుంటే టీజీఎఫ్ బీటా లాంటి సంకేతాలు అందుకుని, దాచుకున్న విటమిన్ ఏ పోగొట్టుకుని, కొలాజెన్ నేసే మగ్గాల్లా మారతాయి. కొలాజెన్‌ని కోసేసే ఎంజైములు మన లివర్‌లోనే ఉన్నాయి, వాటిని మెటలోప్రోటియినేజులు అంటారు. అదే స్టెల్లేట్ కణం వాటిని కట్టిపడేసే టింప్-1 అనే ప్రొటీన్‌ని కూడా వదులుతుంది. నేత పెరిగి కోత ఆగిపోతుంది. ఆపైన లైసిల్ ఆక్సిడేజ్ అనే రాగి ఎంజైము వచ్చి కొలాజెన్ పోగులకి అడ్డ కుట్లు వేస్తుంది. కొత్త మచ్చ పచ్చి గోడ లాంటిది, తడిపి కూల్చొచ్చు. అడ్డ కుట్లు పడిన పాత మచ్చ సిమెంటు గోడ. ఆ కుట్లనే ఆపుదామని సిమ్‌టుజుమాబ్ అనే ఇంజెక్షన్‌ని మనుషుల మీద పరీక్షించారు, ఫలితం రాలేదు. కారణం ఆగినప్పుడు మాత్రం శరీరమే ఆ పని మొదలుపెడుతుంది. స్టెల్లేట్ కణాలు కొన్ని చచ్చిపోతాయి, కొన్ని నిద్రలోకి జారుకుంటాయి, టింప్ తగ్గుతుంది, కోత ఎంజైములకి చేతులు విడుదలవుతాయి. తొందరపడాల్సింది ఇందుకే. ఈ ఏడాది కరిగే మచ్చ ఐదేళ్ల తర్వాత అంత తేలిగ్గా కరగదు.

బస్తాని ఎత్తి చూసే పని కొంతవరకు మీరే ఇంట్లో ఫోన్‌లోని కాల్‌క్యులేటర్‌తో చేయొచ్చు. దీన్ని ఫిబ్-4 అంటారు. వయసుని ఎస్‌జీవోటీతో గుణించండి: 47 × 61 = 2867. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీయండి, 49కి 7. ప్లేట్‌లెట్లని వేలల్లో రాయండి, 1.46 లక్షలంటే 146. ఆ రెంటినీ గుణిస్తే 146 × 7 = 1022. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.8. రెండేళ్ల కిందటి అంకెలతో ఇదే లెక్క 1.23, నిరుటిది 1.79. 1.3 లోపైతే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ, నడుమ ఉంటే తేలలేదు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పులు రెండు: వర్గమూలం మరిచిపోవడం, ప్లేట్‌లెట్లని 1.46 అని వేసి 280 వచ్చిందని హడలిపోవడం. 35 ఏళ్లలోపు వాళ్లకి ఈ లెక్క సరిగా పనిచేయదు, 65 దాటినవాళ్లకి 1.3 బదులు 2.0 హద్దు. ఎస్‌జీపీటీ ఈ లెక్కలో కింద ఉంది చూడండి, అది తగ్గేకొద్దీ ఫిబ్-4 పెరుగుతుంది. మీరు సంతోషించిన అంకే లెక్కని పైకి నెట్టింది.

ప్లేట్‌లెట్లు లివర్ లెక్కలోకి ఎందుకొచ్చాయంటారా? లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకై, ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. పాతకాలంలో కడుపులో బల్ల అనేవారే, అదే. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లని పట్టి ఉంచేస్తుంది. వాటిని పుట్టించమని ఎముక మజ్జకి కబురు పెట్టే త్రాంబోపొయిటిన్ తయారయ్యేదీ లివర్‌లోనే కాబట్టి ఆ వైపు నుంచీ తగ్గుతాయి.

జ్వరం గురించి అడిగారు, సరైన ప్రశ్న. డెంగీ అయినా, ఇంకో వైరల్ జ్వరమైనా ప్లేట్‌లెట్లని పడగొడుతుంది. డెంగీలో ఎస్‌జీవోటీ ఎస్‌జీపీటీ కంటే ఎక్కువ పెరుగుతుంది కూడా, అంటే అచ్చం ఫైబ్రోసిస్ వేషమే వేస్తుంది. ఏజెన్సీ వైపు మలేరియా వచ్చి ప్లీహం పెరిగినా ఇదే గందరగోళం. కాబట్టి ఇప్పటి 2.8ని పూర్తిగా నమ్మక్కర్లేదు. కానీ జ్వరం వల్లే పడిపోయాయనుకుని ప్లేట్‌లెట్లని నిరుటి 1.90 దగ్గరే ఉంచి లెక్క వేసినా 2.16 వస్తుంది, 1.3కి చాలా పైన. ఈ జ్వరం రాకముందు, నిరుడే నిష్పత్తి, ప్లేట్‌లెట్లు అటువైపు జరగడం మొదలైంది. జ్వరం అంకెని కొంచెం పెంచి ఉండొచ్చు, దారిని మాత్రం అది వేయలేదు.

అందుకని జ్వరం తగ్గి ఆరు వారాలు దాటాక మళ్లీ చేయించండి, ఇంతకుముందు చేసిన ల్యాబులోనే. పరీక్షకి ముందు వారం రోజులు బస్తాలు మోయడం లాంటి బరువు పనులు వద్దు. కండరాల్లోనూ ఎస్‌జీవోటీ ఉంటుంది, వాటి నొప్పితో పాటు అంకె కూడా పెరుగుతుంది. అనుమానంగా ఉంటే కండరాల ఎంజైము సీపీకే పరీక్ష అడగండి, అది పెరిగి ఉంటే తప్పు కండరానిది. సూదితో గట్టిగా లాగినా, సిరంజి నుంచి ట్యూబులోకి జోరుగా కొట్టినా ఎర్రకణాలు పగిలి వాటిలోని ఎస్‌జీవోటీ కలిసిపోతుంది. సీరం గులాబీ రంగుకి తిరిగితే ఆ శాంపిల్ పనికిరాదు. పలాసలో తీసిన రక్తం పరీక్షకి శ్రీకాకుళమో విశాఖో వెళ్తుంటే, ఇక్కడే సీరం వేరుచేసి చల్లగా పంపుతున్నారా అని అడగడంలో తప్పులేదు. ప్లేట్‌లెట్లు యంత్రం లెక్కతో సరిపెట్టుకోకుండా స్లైడు మీద కూడా చూడమనండి. కొందరి రక్తంలో, గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దకట్టి దొంగ తక్కువ చూపిస్తాయి, అప్పుడు సిట్రేట్ ట్యూబులో తీస్తే అసలు సంఖ్య తెలుస్తుంది.

ఆ రక్తంతోనే రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, మూడు నెలల సుగరు, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయించండి. ఫ్యాటీ లివర్ ఉందని బి, సి లేవని కాదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటి పరీక్ష, మందులు ఉచితం. బి లేకపోతే టీకా మూడు డోసులు వేయించాలి: ఇవాళ, నెలకి, ఆరు నెలలకి. స్కానింగు మళ్లీ తీస్తే ప్లీహం పొడవు, పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిర వెడల్పు రాయమనండి. ప్లీహం 12 సెంటీమీటర్లు, సిర 13 మిల్లీమీటర్లు దాటితే డాక్టరు పనిగట్టుకుని చూడాల్సిన అంకెలు.

తర్వాతి మెట్టు ఫైబ్రోస్కాన్. మచ్చ గట్టితనాన్ని కిలోపాస్కల్స్‌లో కొలిచే పరీక్ష, సూది గుచ్చరు. దీనికి విశాఖలో గ్యాస్ట్రో నిపుణుల దగ్గరికి వెళ్లాలి. అక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) గ్యాస్ట్రో విభాగానికి చూపించుకున్నా దారి చెబుతారు. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, తిన్న కడుపుతో లివర్‌లోకి రక్తం పెరిగి గట్టితనం దొంగగా పెరుగుతుంది. అంతకుముందు రెండు వారాలైనా మద్యం ముట్టకపోతేనే ఆ అంకె నమ్మదగ్గది. పది కొలతలు సరిగా వచ్చాయా, లావుగా ఉన్నవాళ్లకి వాడే పెద్ద ప్రోబ్ వాడారా అని అడగండి. 8 లోపు వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు, 12 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ కిందే వైద్యం చేస్తారు. గట్టితనం 20 లోపు ఉండి ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటి ఉంటే ఎండోస్కోపీ వాయిదా వేస్తారు. మీవారి ప్లేట్‌లెట్లు లక్షన్నరకి కొంచెం కిందే ఉన్నాయి కాబట్టి ఫైబ్రోస్కాన్ ఎక్కువ వస్తే ఎండోస్కోపీ కూడా చేయమనొచ్చు. భయపెట్టడానికి కాదు, అన్నవాహికలో ఉబ్బిన సిరలుంటే ముందే తెలుసుకుని మాత్రతో ఒత్తిడి తగ్గించడానికి.

అర్సో గురించి. ఈ మాత్ర ఎస్‌జీపీటీని, జీజీటీని కొంత దించుతుంది. మీ సంతోషంలో కొంత వాటా దానిదే కావచ్చు. ఫ్యాటీ లివర్‌లో మచ్చని మాత్రం కరిగిస్తుందని రుజువు కాలేదు. నేల మీది పిక్కల్ని ఊడ్చేయడం లాంటిదన్నమాట. వేరే పైత్యనాళాల జబ్బుకి రాసి ఉంటే అది ముఖ్యమైన మందు, కాబట్టి ఎందుకు రాశారో రాసినవారినే అడిగి ఆపండి. షాపుల్లో దొరికే లివర్ టానిక్కులదీ ఇంచుమించు ఇదే కథ. కామెర్ల పసర్లు, తిప్పతీగ కషాయం మాత్రం అసలు వద్దు. కరోనా రోజుల్లో తిప్పతీగ తాగి లివర్ వాచినవాళ్ల సంగతి మన దేశపు వైద్యులే నమోదు చేశారు.

మోకాళ్ల మాత్ర పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ జాతిదైతే ఇవాళే ఆపించండి. మచ్చ కట్టిన లివర్ ఉన్నవాళ్లలో ఇవి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీతో జూదమాడకూడదని మీకు మేం చెప్పనక్కర్లేదు. క్రియాటినిన్ తేడాగా వస్తే పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది, చూపించండి. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు, రోజు మొత్తానికి 2 గ్రాములు దాటకుండా, అంటే 500 మిల్లీగ్రాములవి నాలుగుకి మించకుండా. దాన్ని విషపదార్థంగా మార్చే సీవైపీ2ఈ1 అనే ఎంజైము తాగేవాళ్లలో, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో చురుగ్గా ఉంటుంది. విరుగుడైన గ్లుటాథియోన్ తక్కువగా ఉంటుంది. 650 మాత్ర అయితే మూడుతో ఆగాలి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ కలిసి ఉంటుంది, అదీ ఆ లెక్కలోకే వస్తుంది.

మందుల్ని విరిచే సీవైపీ ఎంజైములన్నీ ఒకేసారి పడిపోవు. సీవైపీ2సీ19 తొందరగా తగ్గుతుంది, మిగతావి మెల్లగా. గ్లూకురోనైడ్ తగిలించి మందుని బయటికి పంపే దారి చాలా దూరం నిలబడుతుంది. అందుకే డైజిపామ్ లాంటి నిద్రమాత్ర గట్టిపడిన లివర్‌లో రోజుల తరబడి ఉండిపోయి మత్తులో ముంచేస్తుంది. నిద్రమాత్రలు సొంతంగా కొనొద్దు. మెట్‌ఫార్మిన్ లివర్‌లో విరగదు, కిడ్నీ బాగుంటే కొనసాగించొచ్చు, కానీ మద్యంతో కలిస్తే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదముంది. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ ఇస్తే లివర్ ఉందని భయపడి మానొద్దు.

తాగుడు విషయంలో మెత్తగా చెప్పడానికి మాకు మనసొప్పడం లేదు. క్వార్టర్‌లో ఉండేది సుమారు 60 గ్రాముల నికరమైన ఆల్కహాల్. సుగరు, బరువు రెండూ ఉన్న లివర్‌కి వారంలో మూడుసార్లు అది చాలా ఎక్కువ. తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. కల్లు, బీరు కూడా అందులోకే వస్తాయి. కనుమ రోజు కదా అనే వెసులుబాటు కూడా లేదు. రోజూ తాగే అలవాటుండి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, కలవరింతలు రావచ్చు, అలా ఉంటే డాక్టరు దగ్గరుండి మాన్పించాలి.

బరువు 82 నుంచి పది శాతం, అంటే 8 కిలోలు తగ్గితే మచ్చ వెనక్కి తగ్గే అవకాశం బాగా పెరుగుతుంది. వారానికి అరకిలో చాలు, ఎనిమిది నెలలు పట్టినా ఫరవాలేదు. కటిక ఉపవాసాలు చేయించొద్దు. గట్టిపడిన లివర్‌లో పిండిపదార్థం నిల్వ తక్కువ, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం కండని కరిగించుకుంటుంది. అమోనియాని యూరియాగా మార్చే ఎంజైములు లివర్‌లో తగ్గేకొద్దీ ఆ పని కొంత కండరాల మీద పడుతుంది, కాబట్టి కండ పోవడం రెట్టింపు నష్టం. పరీక్షల్లో మచ్చ ముదిరిందని తేలితే పడుకోబోయే ముందు ఒక గ్లాసు చోడి అంబలి మజ్జిగతో తాగించండి, సుగరు మాత్రల వేళలు డాక్టరుకి చెప్పి సరిచేయించుకోండి. అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్డు, చేపలు పెంచండి. కిడ్నీ బాగుంటే రోజుకి 75 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 20 దాకా వస్తాయి. మీ ఇంట జీడిపప్పుకి కొదవుండదు కాబట్టి ఇదీ చెప్పాలి: 100 గ్రాముల్లో 550 కేలరీలు, రోజుకి పది పలుకులతో ఆపండి. పంచదార లేని కాఫీ రెండు కప్పులు తాగొచ్చు, అది లివర్‌కి మంచిదే. మచ్చకి కొత్త మందులూ వస్తున్నాయి. అమెరికాలో 2024లో రెస్‌మెటిరోమ్‌కి, 2025లో సెమాగ్లుటైడ్‌కి సిరోసిస్ దాకా పోని, నడిమి నుంచి ముదిరిన దశ ఫైబ్రోసిస్‌లో వాడే అనుమతి వచ్చింది. సుగరు ఎలాగూ ఉంది కాబట్టి సెమాగ్లుటైడ్ మీవారికి సరిపోతుందేమో నిపుణుణ్ని అడగండి.

ఈలోగా నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, పొట్ట ఉబ్బడం, కళ్లు పచ్చబడటం, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబడటం వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

విశాఖ వెళ్లేటప్పుడు ఒకే కాగితం మీద తేదీల వారీగా ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఆల్బుమిన్ వరసలు గీసి రాయండి. వెనక వైపున ఆయన వేసుకునే ప్రతి మాత్ర పేరు, షాపు మాత్రతో సహా. స్ట్రిప్ పారేయకుండా దాన్నే చీరకొంగున ముడేసుకుని తీసుకెళ్లినా సరే.